జీపీఎల్ మూడో వెర్షన్, డీఆర్‌ఎం: తాళంచెవి చుట్టూ సాగిన వివాదం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు వాడే లైసెన్సు జీపీఎల్. 2007 జూన్ 29న వెలువడిన దాని మూడో వెర్షన్ డిజిటల్ హక్కుల నిర్వహణను, అంటే డీఆర్‌ఎంను, నిషేధించిందన్న అభిప్రాయం సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేసేవారిలో కూడా గట్టిగా నాటుకుపోయింది. లైసెన్సు పాఠం చదివితే అలాంటి నిషేధం ఎక్కడా కనబడదు. ఆ లైసెన్సు కింద ఉన్న కోడ్‌తో పాటలకో సినిమాలకో తాళం వేసే ప్రోగ్రాం ఎవరైనా రాయవచ్చు, అమ్మవచ్చు. లైసెన్సు అడ్డుపడేది రెండే సందర్భాల్లో: ఆ తాళం తీసినవారి మీద చట్టాన్ని ప్రయోగించబోయినప్పుడు, సవరించిన ప్రోగ్రాంను కొన్నవారి పరికరమే నడవనివ్వనప్పుడు. మొదటిది చట్టం వేసిన తాళం, రెండోది హార్డ్‌వేర్ వేసిన తాళం. ఈ రెంటినీ కలిపి డీఆర్‌ఎం అన్న ఒకే పేరుతో పిలవడం వల్లనే ఈ వివాదంలో సగం గందరగోళం పుట్టింది.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో, అందరూ మార్చుకుని పంచుకోగల సాఫ్ట్‌వేర్ తయారీకి గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. జీపీఎల్ మొదటి వెర్షన్ 1989లో, రెండో వెర్షన్ 1991 జూన్‌లో వచ్చాయి. ప్రోగ్రాంను పంచినవారు దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు చదివి మార్చగల మూలరూపం, కూడా ఇవ్వాలి, అందుకున్నవారు దాన్ని మార్చుకుని మళ్లీ పంచవచ్చు, ఆ హక్కులకు ఎవరూ అదనపు అడ్డంకులు పెట్టకూడదు అన్నవి దాని మూల షరతులు. ఆ రోజుల్లో సోర్స్ కోడ్, దాన్ని యంత్రం నడపగల రూపంలోకి మార్చే కంపైలర్ చేతిలో ఉంటే మిగిలిందంతా కంప్యూటరు చూసుకునేది. యజమాని ఎక్కించిన ప్రోగ్రాంను యంత్రమే తిరస్కరించడం లైసెన్సు రాసినవారి ఊహలో లేని సంగతి. అయినా రెండో వెర్షన్ సోర్స్ కోడ్‌ను నిర్వచిస్తూ, ప్రోగ్రాం కంపైల్ కావడానికీ ఇన్‌స్టాల్ కావడానికీ వాడే స్క్రిప్టులు కూడా అందులో భాగమేనని పేర్కొంది. అప్పట్లో అది సాధారణమైన సాంకేతిక వివరణ. దాని మీద కోర్టులో వాదనలు జరుగుతాయని 1991లో ఎవరూ అనుకుని ఉండరు.

పరిస్థితి మారింది చట్టాల వైపు నుంచి. 1996 డిసెంబరులో జెనీవాలో ఆమోదం పొందిన వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ) కాపీరైట్ ఒప్పందం, రచయితలు తమ కృతులకు వేసుకున్న సాంకేతిక రక్షణలను ఛేదించడాన్ని అడ్డుకునే చట్టాలు చేయాలని సభ్య దేశాలను కోరింది. అమెరికా 1998 అక్టోబరులో డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టాన్ని తెచ్చింది. యూరోపియన్ యూనియన్ 2001లో తన ఆదేశాన్ని వెలువరించింది. అమెరికా చట్టంలోని 1201వ సెక్షన్ ఒక కొత్త నేరాన్ని సృష్టించింది. కాపీరైట్ ఉల్లంఘన జరిగిందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, తాళం తీయడమే తప్పు, తీసే పనిముట్టును తయారుచేసి పంచడం మరో తప్పు.

దీని ప్రభావం మొదట బయటపడింది డీవీడీల దగ్గర. డీవీడీల్లోని సినిమాలకు సీఎస్ఎస్ అనే సంకేత రక్షణ ఉండేది. దాన్ని విప్పే తాళంచెవులను రహస్యంగా ఉంచుతామని ఒప్పందం రాసిచ్చిన తయారీదారులకు మాత్రమే ఇచ్చేవారు. సోర్స్ కోడ్‌ను అందరి ముందూ పెట్టే ప్రోగ్రాం ఆ ఒప్పందానికి కట్టుబడలేదు, కాబట్టి డబ్బు పెట్టి డీవీడీ కొన్న లినక్స్ వాడుకరికి దాన్ని సక్రమంగా చూసే దారి లేకపోయింది. 1999 అక్టోబరులో డీసీఎస్ఎస్ అన్న చిన్న ప్రోగ్రాం ఆ రక్షణను విప్పేసింది. దాన్ని విడుదల చేసినవారిలో ఒకరైన నార్వే కుర్రాడు యాన్ లెక్ యోహాన్సెన్‌కు అప్పటికి పదిహేనేళ్లు. నార్వే న్యాయస్థానాలు 2003 జనవరిలో ఒకసారి, అప్పీలు మీద డిసెంబరులో మరోసారి అతడిని నిర్దోషిగా తేల్చాయి. అమెరికాలో మాత్రం అదే ప్రోగ్రాంను ప్రచురించిన 2600 అనే హ్యాకర్ల పత్రిక 2000 ఆగస్టులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఓడిపోయింది; ప్రోగ్రాంను తన సైటులో పెట్టడమే కాదు, అది దొరికే ఇతర సైట్లకు లింకులు ఇవ్వడం కూడా కుదరదని న్యాయమూర్తి లూయిస్ కాప్లాన్ తేల్చారు. 2001లో రెండో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది. అదే ఏడాది జులైలో రష్యా ప్రోగ్రామర్ దిమిత్రీ స్క్ల్యారోవ్ ఈ-పుస్తకాల రక్షణ గురించి లాస్ వేగస్ సదస్సులో ప్రసంగించి అరెస్టు కావడంతో, ఈ చట్టం అంటే ఏమిటో ప్రోగ్రామర్లందరికీ ఒక్కసారిగా తెలిసివచ్చింది. అతడు పనిచేసిన సంస్థను 2002 డిసెంబరులో జ్యూరీ నిర్దోషిగా ప్రకటించింది.

ఇక్కడ ఒక సాంకేతిక సత్యాన్ని కాస్త నిలిచి చూడాలి, ఎందుకంటే ఆ తర్వాతి కథంతా దాన్నుంచే పుట్టింది. మామూలు సంకేత రక్షణలో సందేశం పంపేవారు, అందుకునేవారు ఒకవైపు ఉంటారు, దొంగచాటుగా వినేవారు మరోవైపు ఉంటారు. డీఆర్‌ఎంలో అందుకునే వ్యక్తే అనుమానితుడు. అతడి ఇంట్లోని పరికరంలోనే తాళం వేసిన సినిమా ఉంటుంది, దాన్ని విప్పే చెవీ ఉంటుంది. ఆ చెవి అతడికి కనబడకుండా దాచడమే డీఆర్‌ఎం చేసే పని. సోర్స్ కోడ్ అతడి చేతికిచ్చి, మార్చుకునే హక్కు కూడా ఇస్తే, అనుమతిని తనిఖీ చేసే నాలుగు పంక్తులను తీసేసి మళ్లీ కంపైల్ చేసుకుంటాడు. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ డ్రీమ్ అనే పేరుతో ఓపెన్ సోర్స్ డీఆర్‌ఎంను ప్రతిపాదించినప్పుడు ఎదురైన మొదటి ప్రశ్న ఇదే. దీనికి ఒకే ఒక్క జవాబుంది: కోడ్‌ను మార్చనివ్వండి, కానీ మార్చిన కోడ్‌ను యంత్రం నడపకుండా చూడండి.

టీవో సంస్థ చేసింది సరిగ్గా అదే. 1999లో మార్కెట్లోకి వచ్చిన టీవో, టీవీ కార్యక్రమాలను హార్డ్‌డిస్కు మీద రికార్డు చేసిపెట్టే పెట్టె. లోపల నడిచేది లినక్స్ కెర్నెల్, అంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలోని మూల భాగం. జీపీఎల్ రెండో వెర్షన్ ప్రకారం సంస్థ తాను సవరించిన కెర్నెల్ సోర్స్‌ను బయటపెట్టింది. ఆ విషయంలో వేలెత్తి చూపడానికేమీ లేదు. అయితే తర్వాతి మోడళ్లలో పెట్టెను ఆన్ చేయగానే అందులోని చిప్పు కెర్నెల్ మీద సంస్థ డిజిటల్ సంతకం ఉందో లేదో చూసేది. వాడుకరి సోర్స్‌లో ఒక్క అక్షరం మార్చి కంపైల్ చేసినా సంతకం సరిపోలదు, పెట్టె నడవదు. లైసెన్సులోని ప్రతి షరతూ నెరవేరింది, లైసెన్సు ఇవ్వదలచిన స్వేచ్ఛ మాత్రం వాడుకరికి అందలేదు. స్టాల్‌మన్ ఈ పద్ధతికి టీవోయిజేషన్ అని పేరుపెట్టారు. మైక్రోసాఫ్ట్ 2002లో పలాడియం అన్న పథకాన్ని బయటపెట్టినప్పుడు, ఇదే ఏర్పాటు వ్యక్తిగత కంప్యూటర్లకూ వస్తుందన్న భయం బలపడింది.

2005 అక్టోబరు చివరలో మరో సంగతి బయటికొచ్చింది. సోనీ బీఎంజీ అమ్మిన మ్యూజిక్ సీడీలు విండోస్ కంప్యూటర్లలోకి తన ఉనికిని దాచుకునే రూట్‌కిట్ అనే ప్రోగ్రాంను రహస్యంగా చొప్పిస్తున్నాయని మార్క్ రుస్సినోవిచ్ కనుగొన్నారు. ఆ తాళపు సాఫ్ట్‌వేర్‌ను విప్పి చూసిన పరిశోధకులకు అందులో లేమ్, వీఎల్‌సీ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల కోడ్, లైసెన్సు షరతులు పాటించకుండా వాడినది, కనిపించింది. కాపీరైట్ కాపలాకు పెట్టిన ప్రోగ్రాం ఇతరుల కాపీరైట్‌ను ఉల్లంఘించి తయారుకావడం కన్నా పెద్ద వ్యంగ్యం ఈ చరిత్రలో ఇంకొకటి లేదు.

మూడో వెర్షన్ తొలి ముసాయిదా 2006 జనవరిలో ఎంఐటీలో విడుదలైంది. స్టాల్‌మన్‌తో కలిసి దాన్ని నడిపించింది న్యాయ ఆచార్యుడు ఎబెన్ మోగ్లెన్. డీఆర్‌ఎంను సూటిగా నిషేధిస్తే పోదా అని అప్పట్లో చాలామంది అడిగారు. కుదరదు. ప్రోగ్రాంను ఏ ప్రయోజనానికైనా నడుపుకోవచ్చన్నది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిర్వచనంలోనే మొట్టమొదటి స్వేచ్ఛ. 1998లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ నిర్వచనంలోని ఆరో నిబంధన కూడా ఏ రంగం పట్లా లైసెన్సు వివక్ష చూపకూడదంటుంది. ఫలానా పనికి వాడకూడదని రాసిన మరుక్షణం జీపీఎల్ తన నిర్వచనానికే దూరమవుతుంది. అందుకే ముసాయిదా దొడ్డిదారి కాని వేరే దారి వెతికింది: సవరించిన ప్రోగ్రాంను నడపడానికి అవసరమైన సంకేత చెవులను సోర్స్ కోడ్‌లో భాగంగా పరిగణించింది.

లినక్స్ కెర్నెల్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ దీన్ని అదే నెలలో తోసిపుచ్చారు. కెర్నెల్ రెండో వెర్షన్ కిందనే ఉంటుందని, సంతకం చేసే రహస్య చెవులను ఇమ్మని అడగడం అర్థంలేని పని అని ఆయన వైఖరి. నిజానికి ఆయన 2003 ఏప్రిల్‌లోనే లినక్స్‌కూ డీఆర్‌ఎంకూ పొత్తు కుదరకపోవడానికి కారణమేమీ లేదని రాశారు. కెర్నెల్‌ను వాడుకున్నవారు తమ మార్పులను తిరిగి ఇస్తే చాలు. వారు తయారుచేసే హార్డ్‌వేర్ ఎలా పనిచేయాలో నిర్ణయించే హక్కు కెర్నెల్ రాసినవారికి లేదన్నది ఆ వాదన సారం. 2006 సెప్టెంబరులో ఆండ్రూ మార్టన్, గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ సహా పదిమంది ప్రధాన కెర్నెల్ డెవలపర్లు ముసాయిదాను వ్యతిరేకిస్తూ ఉమ్మడి ప్రకటన చేశారు. ఈ వాదనను వ్యాపారులకు వత్తాసుగా కొట్టిపారేయడం అన్యాయం. ఇంజనీరు దృష్టిలో లైసెన్సు అంటే కోడ్‌కు బదులు కోడ్. స్టాల్‌మన్ దృష్టిలో లైసెన్సు అంటే వాడుకరి చేతిలోని అధికారం. ఇద్దరూ ఒకే పత్రాన్ని పదిహేనేళ్లుగా వాడుతూ, అందులో వేర్వేరు హామీలను చదువుకుంటూ వచ్చారు. టీవో పెట్టె ఆ సంగతిని బయటపెట్టింది, అంతే.

తుదిరూపంలో లైసెన్సు చాలా మెత్తబడింది. మూడో సెక్షన్ చట్టపు తాళాన్ని తీసేసింది: ఈ లైసెన్సు కింద ఉన్న ఏ ప్రోగ్రామూ వైపో ఒప్పందంలోని 11వ అధికరణం ప్రకారం చేసిన చట్టాల కింద సమర్థమైన సాంకేతిక రక్షణగా లెక్కకు రాదు, కాబట్టి దాన్ని ఛేదించినవారి మీద ఆ చట్టం ప్రయోగించే హక్కును పంచినవారు వదులుకుంటారు. ఆరో సెక్షన్ హార్డ్‌వేర్ తాళాన్ని పట్టించుకుంది: ఇళ్లలో వాడే వస్తువులతో పాటు ప్రోగ్రాం అమ్మితే, సవరించిన ప్రతిని ఎక్కించుకోవడానికి కావలసిన సమాచారం, అవసరమైతే చెవులు కూడా, ఇవ్వాలి. వ్యాపార సంస్థలకు మాత్రమే అమ్మే యంత్రాలకు ఇది వర్తించదు. తయారీదారుకు కూడా మార్చ వీలుకాని చిప్పులో ప్రోగ్రాం ఉన్నా వర్తించదు. సవరించిన పరికరానికి వారంటీ ఇవ్వాలనీ లేదు, నెట్‌వర్కుకు హాని చేస్తే దాన్ని దూరం పెట్టవచ్చు కూడా.

అయినా కెర్నెల్ మారలేదు. మారడం సులువూ కాదు. 2000లోనే టోర్వాల్డ్స్ రెండో వెర్షన్ మాత్రమే వర్తిస్తుందని స్పష్టం చేయడం ఒక కారణమైతే, వేలమంది రాసిన కోడ్‌కు అందరి అనుమతి తీసుకోవడం ఆచరణలో అసాధ్యం కావడం మరో కారణం. తయారీదారులు తమ దారి తాము చూసుకున్నారు. ఆపిల్ జీసీసీ కంపైలర్‌ను రెండో వెర్షన్ లైసెన్సు కింద వచ్చిన 4.2.1 దగ్గరే ఆపేసి, జీపీఎల్ కింద లేని ఎల్ఎల్‌వీఎం కంపైలర్ వైపు మళ్లింది. మ్యాక్ కంప్యూటర్లలో ఆదేశాలు తీసుకునే బాష్ ప్రోగ్రాం 3.2 దగ్గరే ఉండిపోయింది, 2019లో ముందస్తు ఎంపికగా జెడ్‌షెల్ దాని స్థానంలోకి వచ్చింది. 2007 నవంబరులో ప్రకటించిన ఆండ్రాయిడ్ కెర్నెల్ మినహా మిగిలిన తన భాగాల్లో ఎక్కువ వాటికి ఇలాంటి షరతులు లేని అపాచీ లైసెన్సును ఎంచుకుంది. టీవోయిజేషన్‌ను ఆపాలని రాసిన లైసెన్సు, టీవోయిజేషన్ కోరుకునేవారిని వేరే కోడ్ వైపు పంపింది. దీన్ని లైసెన్సు వైఫల్యమనేవారున్నారు. నా దృష్టిలో అది పాక్షిక సత్యమే. అసలు కోరని షరతును ఎవరూ పాటించరు కదా.

2012లో ఈ భయం ఎంత దూరం వెళ్లిందో చూపే ఉదంతం ఒకటి జరిగింది. కొత్త కంప్యూటర్లలో సెక్యూర్ బూట్, అంటే ఆన్ చేయగానే సంతకాన్ని తనిఖీ చేసే ఏర్పాటు, వస్తుండగా, లినక్స్ ఆధారిత ఉబుంటు తయారీదారు కనానికల్, మూడో వెర్షన్ కింద ఉన్న గ్రబ్ 2ను (ఆపరేటింగ్ సిస్టంను మొదలుపెట్టే బూట్‌లోడర్‌ను) ఆ యంత్రాల్లో వదిలేస్తామని జూన్‌లో ప్రకటించింది. ఏదైనా కంప్యూటర్ కంపెనీ పొరపాటున తాళం తీయలేని యంత్రాన్ని అమ్మితే తన రహస్య చెవిని బయటపెట్టాల్సి వస్తుందేమోనన్నది దాని ఆందోళన. గ్రబ్ కాపీరైట్ హక్కుదారైన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆ ఆందోళనకు ఆధారం లేదని చెప్పాక, సెప్టెంబరు నాటికి కనానికల్ మళ్లీ గ్రబ్‌కే వచ్చింది.

రెండో వెర్షన్‌తో మాత్రం అంతా సాఫీగా సాగిందనుకోవడం పొరపాటు. వీడియోలు చూపే వీఎల్‌సీ ప్లేయర్ 2011 జనవరిలో ఆపిల్ యాప్ స్టోర్ నుంచి తొలగిపోయింది. స్టోర్ నియమాలు వాడుకరి మీద పెట్టే పరిమితులు జీపీఎల్‌కు విరుద్ధమని దాని డెవలపర్లలో ఒకరు ఫిర్యాదు చేశారు. ప్రాజెక్టు తన ప్రధాన భాగాలను, ఒక్కొక్క రచయిత అనుమతీ అడిగి, షరతులు కాస్త సడలిన ఎల్‌జీపీఎల్‌లోకి మార్చుకున్నాకనే 2013లో తిరిగి ఆ స్టోర్‌లోకి వచ్చింది. వెబ్‌లో రాజీ మరో రూపం తీసుకుంది. 2012లో ప్రతిపాదించిన ఈఎంఈ ప్రమాణం బ్రౌజరుకూ డీఆర్‌ఎం భాగానికీ మధ్య వారధిని మాత్రమే నిర్వచించింది. 2014లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసే మొజిల్లా అయిష్టంగానే దాన్ని ఒప్పుకుంది; ఫైర్‌ఫాక్స్ కోడ్ బహిరంగంగానే ఉంటుంది, సినిమా విప్పే మూసిన భాగం మాత్రం ఒక కట్టుదిట్టమైన పెట్టెలో వేరుగా నడుస్తుంది. 2017 సెప్టెంబరు 18న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది, అదే రోజు డిజిటల్ హక్కుల కోసం పోరాడే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆ సంస్థ నుంచి వైదొలగింది.

2021 అక్టోబరులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు అండగా నిలిచే సాఫ్ట్‌వేర్ ఫ్రీడం కన్జర్వెన్సీ టీవీల తయారీ సంస్థ విజియో మీద కాలిఫోర్నియాలో దావా వేసింది. ఇక్కడ ఫిర్యాది కోడ్ రాసినవారు కాదు, టీవీ కొన్నవారు. జీపీఎల్ వాడుకరి మేలు కోసం రాసిన ఒప్పందమని, సోర్స్ కోడ్ అడిగే హక్కు కొనుగోలుదారుకు నేరుగా ఉంటుందని దాని వాదన. ఇన్‌స్టాల్ చేయడానికి వాడే స్క్రిప్టులు అన్న 1991 నాటి మాటల పరిధి ఎంతవరకు అన్న ప్రశ్న ఈ దావాతో కోర్టు ముందుకొచ్చింది.

చట్టపు తాళం విషయంలో అమెరికాలో మూడేళ్లకోసారి మినహాయింపుల విచారణ జరుగుతుంది. 2010లో ఫోన్లకు, 2015లో స్మార్ట్ టీవీలకు, యజమాని తనకు నచ్చిన ప్రోగ్రాం ఎక్కించుకోవడానికి తాళం తీసుకునే అనుమతి దొరికింది. అయితే ఈ మినహాయింపులు తాళం తీసే చర్యకే వర్తిస్తాయి. తీసే పనిముట్టును తయారుచేసి ఇతరులకు పంచడం మీద ఉన్న నిషేధాన్ని సడలించే అధికారం ఆ విచారణకు లేదు. తన టీవీ తాళాన్ని తానే తీసుకోగల ప్రోగ్రామర్‌కు ఆ అనుమతి అక్కరకొస్తుంది, మిగిలినవారికి అది కాగితం మీదనే ఉంది.