ముప్పావు అంగుళం గ్రూప్ పిచ్చి: తుపాకీ పత్రికల మీద అపోహలు – వాస్తవాలు

వారానికి ఒక్కరైనా వస్తారు. ఒక చేతిలో రైఫిల్ కేసు, ఇంకో చేతిలో పేజీ మడతపెట్టిన పత్రిక. "అన్నా, ఇదే మోడల్‌కి వీళ్లకు ముప్పావు అంగుళం గ్రూప్ వచ్చిందట. నాకు అంగుళమున్నర దాటుతోంది. బ్యారెల్ మార్చేద్దామా?" అని అడుగుతారు. నేను గన్‌స్మిత్‌ని, అంటే తుపాకులు బాగుచేసేవాణ్ని. బ్యారెల్ మారిస్తే నాకే నాలుగు డబ్బులు మిగులుతాయి. కానీ ఇలా వచ్చే రైఫిళ్లలో చాలావాటికి ఏ రోగమూ ఉండదు. ఆ పేజీ చదివిన తీరులోనే ఉంటుంది గొడవంతా.

అమెరికాలో ఈ పత్రికలకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికన్ రైఫిల్‌మ్యాన్ మూలాలు 1885లో మొదలైన ద రైఫిల్ అనే పత్రికలో ఉన్నాయి. గన్స్ 1955లో, గన్స్ అండ్ అమ్మో 1958లో వచ్చాయి. ఇన్నేళ్లుగా చదువుతున్నా వీటిని ఎలా చదవాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఒకళ్లు వేదవాక్కు అంటారు, ఇంకొకళ్లు చెత్త అంటారు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

అపోహ: పత్రికలో వచ్చిన గ్రూప్ నాకు రావట్లేదు, కాబట్టి నా తుపాకీలో లోపం ఉంది

వాస్తవం: ముందు ఆ ముప్పావు అంగుళం ఎన్ని రౌండ్లదో, అంటే ఎన్ని తూటాలు కాల్చగా వచ్చిందో చూడండి. అది చూడకుండా నా దగ్గరికి రావద్దు.

గ్రూప్ అంటే టార్గెట్ మీద అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య కొలత. ఇంకో రౌండ్ కాల్చారంటే ఆ కొలత అలాగే ఉండాలి, లేదా పెరగాలి. తగ్గే ప్రశ్నే లేదు. మూడేసి రౌండ్ల గ్రూపులు సగటున ఒక అంగుళం పడే రైఫిల్ ఉందనుకోండి. అదే రైఫిల్‌తో, అవే రౌండ్లతో, అదే మనిషి ఐదేసి కాలిస్తే సగటు సుమారు 1.25 అంగుళాలకు వెళ్తుంది. పదేసి కాలిస్తే సుమారు 1.6 అవుతుంది. ఇందులో ఏ మాయా లేదు, ఏ లోపమూ లేదు, ఉత్త లెక్క. పత్రికవాడు మూడు కాల్చి రాశాడు, మీరు పది కాల్చి కొలిచారు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని రాత్రంతా నిద్రపోకపోతే ఎవరిది తప్పు?

రెండోది, అది సగటా లేక బెస్ట్ గ్రూపా? వ్యాసంలో "ముప్పావు అంగుళం ఇచ్చింది" అని ఒక్క వాక్యం ఉంటుంది. అది రోజంతా కాల్చినవాటిలో అన్నిటికంటే చిన్న గ్రూప్ కావచ్చు. ఇంకా ఘోరం "ఫ్లయర్‌ను లెక్కలోంచి తీసేశాం" అనే మాట. ఫ్లయర్ అంటే మిగతావాటికి దూరంగా పడ్డ రౌండ్. మూడు రౌండ్లలో ఒకటి తీసేస్తే మిగిలేది రెండు. రెండు రంధ్రాలకు గ్రూప్ అని పేరు పెట్టేవాళ్లకు నమస్కారం.

ఇక నేను పత్రిక తెరిస్తే మొదట ఎక్కడ చూస్తానో చెబుతాను. పెద్ద ఫోటో వదిలేస్తాను, మొదటి రెండు పేజీల పొగడ్తలు వదిలేస్తాను, సరాసరి టేబుల్‌కి పోతాను. అందులో ఏ కంపెనీ రౌండ్, గుండు బరువు ఎన్ని గ్రెయిన్లు, వెలాసిటీ ఎంత, చిన్న గ్రూప్, పెద్ద గ్రూప్, సగటు గ్రూప్ ఉంటాయి. టేబుల్ కింద భూతద్దం పెట్టి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. ఎన్ని గజాలు, ఎన్ని రౌండ్లు, ఎన్ని గ్రూపులు, బెంచ్ మీద ఆనించి కాల్చారా కాదా అన్నది ఆ లైనే చెబుతుంది. అమెరికన్ రైఫిల్‌మ్యాన్ రైఫిళ్లకు ఎన్నో ఏళ్లుగా 100 గజాల్లో ఐదు రౌండ్ల గ్రూపులు వరసగా ఐదు కాల్చి చిన్నదీ, పెద్దదీ, సగటూ మూడూ వేస్తోంది. దాన్ని నమ్మొచ్చు, మీ రైఫిల్‌తో పోల్చుకోవచ్చు. ఆ చిన్న లైను లేని వ్యాసంలో అంకె ఎంత ముద్దొచ్చినా పక్కన పెట్టేయండి.

మనవాడే ఒక కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మొదటిసారి .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొన్నాడు. వ్యాసం చదివి స్కోప్ మార్చాడు, తర్వాత రింగులు మార్చాడు, ఆఖరికి బ్యారెల్ దాకా వచ్చాడు. అప్పటికే వాటికైన ఖర్చు రైఫిల్ ఖరీదుకు దగ్గర పడింది. ఇంట్లో చెప్పలేదట, ఆ టెన్షన్ ఒకటి. నేను తుపాకీ మెకానిజమ్‌ను పిడికి బిగించే యాక్షన్ స్క్రూలు చూశాను, బిగువుగానే ఉన్నాయి. క్రౌన్, అంటే బ్యారెల్ మూతి అంచు, శుభ్రంగా ఉంది. ఏం కాలుస్తున్నావని అడిగితే పెట్టెల లెక్కన కొన్న చౌక 147 గ్రెయిన్ల ఎఫ్ఎంజే (గుండుకు లోహపు తొడుగు ఉన్న మామూలు) రౌండ్లు బయటికి తీశాడు. వ్యాసంలో టేబుల్ చూస్తే పోటీల కోసం చేసే 168 గ్రెయిన్ల మ్యాచ్ రౌండ్లు, మూడు రౌండ్ల గ్రూపులు. ఇతనేమో బ్యారెల్ ముట్టుకుంటే కాలేంత వేడెక్కినా ఆపకుండా పది కొడుతున్నాడు. రేంజ్‌కి తీసుకెళ్లి మ్యాచ్ రౌండ్లు ఐదు ఇచ్చి, రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య బ్యారెల్ చల్లారేదాకా కూర్చోబెట్టాను. అంగుళానికి కాస్త పైన పడ్డాయి. సంతోషించాలో, తిట్టుకోవాలో తెలియక టార్గెట్ కాగితం వంక అలా చూస్తూ ఉండిపోయాడు.

అసలు అతనికి కావాల్సింది జింకల వేట. 100 గజాల్లో అంగుళమున్నర వేసే రైఫిల్ 200 గజాల్లో మూడు అంగుళాల్లో వేస్తుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు ఎనిమిది అంగుళాల దాకా ఉంటుంది. వేటలో లెక్కకొచ్చేది చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి రౌండ్ ఎక్కడ పడుతుందన్నది. దాన్ని వేర్వేరు రోజుల్లో కాల్చి చూపించే వ్యాసాలు అరుదు. మీరే చేసుకోండి, ఖర్చు తక్కువ.

భయపడి వచ్చేవాళ్ల మీద నాకు కోపం లేదు. కొత్తగా కొన్నారు, చేతిలో ఉన్నది ఆ ఒక్క పత్రికే. నా కోపమంతా "అంగుళం లోపల పడకపోతే అది రైఫిలే కాదు" అని పుకారు పుట్టించి తిరిగేవాళ్ల మీద. వాళ్ల టార్గెట్లు నేను రేంజ్‌లో చూస్తూనే ఉంటాను.

అపోహ: రివ్యూలన్నీ డబ్బులిచ్చి రాయించుకున్నవే

వాస్తవం: కవర్లో డబ్బులు పెట్టి ఇచ్చే పద్ధతి అనుకుంటే మీరు దీన్ని మరీ సినిమాలా ఊహించుకుంటున్నారు. జరిగేది అంతకంటే చప్పగా ఉంటుంది. కంపెనీ లైసెన్సున్న డీలర్ ద్వారా తుపాకీని రాసేవాడికి అరువుగా పంపుతుంది. రాసేవాళ్లలో ఎక్కువమంది ఫ్రీలాన్సర్లు, వ్యాసం అచ్చయితేనే డబ్బు. పత్రిక బతికేది ప్రకటనల మీద. సంచిక తయారీ నెలల ముందే మొదలవుతుంది కాబట్టి తుపాకీ చేతిలో ఉండే సమయం తక్కువ. ఇలాంటి చోట అబద్ధాలు రాయాల్సిన పనే పడదు. బాగాలేని తుపాకీ గురించి వ్యాసం రాకపోతే చాలు. "చెడ్డ రివ్యూ ఒక్కటీ కనిపించదేం?" అని అడిగేవాళ్లకు జవాబు అదే, చెడ్డవి అచ్చుదాకా రావు.

కాబట్టి రాసినదాని కంటే రాయనిదాన్ని చదవడం నేర్చుకోవాలి. ట్రిగ్గర్ ఎంత బరువుకు విడుస్తుందో అంకె లేకుండా "వాడగా వాడగా స్మూత్ అవుతుంది" అని ఉంటే ట్రిగ్గర్ బాలేదని అర్థం. మొత్తం ఎన్ని రౌండ్లు కాల్చారు, ఎన్నిసార్లు జామ్ అయింది అన్నది లేకపోతే పిస్టల్ రివ్యూలో ఇక చదవడానికి ఏమీ లేదు. ప్రకటనలే వద్దనుకునేవాళ్లకు గన్ టెస్ట్స్ అనే పత్రిక ఉంది. కంపెనీల ప్రకటనలు తీసుకోదు, స్కూలు పిల్లలకిచ్చినట్టు తుపాకులకు గ్రేడులిస్తుంది, ఫెయిల్ కూడా చేస్తుంది. తళతళలాడే ఫోటోలు మాత్రం ఆశించకండి.

ఇంకో సంగతి, ఒత్తిడి ప్రకటనల వైపు నుంచే వస్తుందనుకోవద్దు. 2013 డిసెంబరు సంచికలో గన్స్ అండ్ అమ్మో కాలమిస్టు డిక్ మెట్‌కాఫ్ తుపాకీ హక్కుతో సహా రాజ్యాంగ హక్కులన్నిటికీ ఏవో నియంత్రణలు ఉంటూనే వచ్చాయని ఒక కాలమ్ రాశాడు. పాఠకులు భగ్గుమన్నారు. మెట్‌కాఫ్‌ను తీసేశారు, ఎడిటర్ జిమ్ బెకెట్ క్షమాపణ చెప్పి తనూ తప్పుకున్నాడు. అంతకుముందు 2007లో జిమ్ జంబో వేటకు ఏఆర్ (సైనిక రైఫిళ్ల తరహా) రైఫిళ్లు ఎందుకని ఘాటుగా రాసినందుకు ఔట్‌డోర్ లైఫ్ అనే వేట పత్రికలో తన స్థానం పోగొట్టుకున్నాడు. వాళ్ల అభిప్రాయాలతో మీరు ఏకీభవిస్తారా లేదా అన్నది వేరే విషయం. పాఠకుడికి నచ్చనిది రాస్తే ఏమవుతుందో రాసేవాడికి బాగా తెలుసు, ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.

అపోహ: పాత పత్రికల్లో లోడ్ డేటా (ఏ పౌడర్ ఎంత పోయాలన్న లెక్క) అచ్చయింది కదా, వాడుకోవచ్చు

వాస్తవం: వద్దు. రీలోడింగ్ చేసేవాళ్లు, అంటే రౌండ్లు తామే నింపుకునేవాళ్లు, ఈ ఒక్క ముక్కా రెండుసార్లు చదవండి.

పాత వ్యాసంలో పౌడర్ పేరు ఉత్త "4831" అని ఉంటుంది. ఒకప్పుడు హాడ్జ్‌డన్ కంపెనీ ఆ పేరుతో అమ్మింది రెండో ప్రపంచయుద్ధంలో 20 మిల్లీమీటర్ల ఫిరంగుల కోసం చేసిన మిగులు సరుకు. ఇవాళ హెచ్ 4831 కొత్తగా తయారవుతోంది, ఐఎంఆర్ 4831 అని ఇంకోటీ ఉంది. ఐఎంఆర్ హెచ్ 4831 కంటే త్వరగా మండుతుంది. ఒకదాని లెక్కలో రెండోది పోస్తే ప్రెషర్ ఎక్కడికి పోతుందో చెప్పలేం. ప్రెషర్ అంకెలతోనూ ఇదే తంటా. .30-06కి గరిష్ఠం రాగి ముక్క ఎంత నలిగిందో చూసే పాత కొలతలో 50,000 సీయూపీ, సెన్సర్‌తో తీసే ఇప్పటి పీజో కొలతలో 60,000 పీఎస్‌ఐ. కార్ట్రిడ్జ్ అదే, హద్దూ అదే, కొలిచే పద్ధతి వేరు. పాత పేజీలో 50,000 చూసి "ఇంకా పదివేలు ఖాళీ ఉందిగా" అన్న మనిషిని నేను ఎరుగుదును. అదృష్టం బాగుండి కాల్చకముందే అన్నాడు.

తుపాకీ రచయిత ఎల్మర్ కీత్ .44 స్పెషల్‌లో పోసిన ఘాటు లోడ్ల గురించి చదివి ఉబ్బిపోయేవాళ్లు ఉంటారు. ఆ కృషి 1955లో .44 మాగ్నమ్ పుట్టడానికి దారి తీసిందన్నది నిజం. మీ చేతిలో ఉన్న రివాల్వర్ ఆయన చేతిలో ఉన్నది కాదన్నదీ అంతే నిజం. పైగా ఒక సంచికలో తప్పు అచ్చయితే సవరణ తర్వాతి సంచికల్లో ఏ మూలో వస్తుంది. మీ కట్టలో ఆ సంచిక ఉందా? పౌడర్ కంపెనీ తాజా మాన్యువల్ తీసుకోండి, అందులోని స్టార్టింగ్ లోడ్, అంటే మొదలుపెట్టడానికి చెప్పిన తక్కువ మోతాదు, దగ్గర మొదలుపెట్టండి. పత్రికలో వ్యాసాన్ని ఆ కార్ట్రిడ్జ్ గుణం తెలుసుకోవడానికి చదవండి. ఆ పని అది బ్రహ్మాండంగా చేస్తుంది, ముఖ్యంగా 1966 నుంచి వస్తున్న హ్యాండ్‌లోడర్ లాంటివి.

అపోహ: వీడియోలొచ్చాక పత్రికలతో పనేముంది?

వాస్తవం: వీడియోలవాళ్లకు కూడా తుపాకులు అరువుకే వస్తాయి. తేడా ఏమిటంటే అక్కడ టేబుల్ ఉండదు, జోరుగా మాట్లాడే మనిషి ఉంటాడు. జామ్ ఎలా అయిందో కళ్లారా చూడాలంటే వీడియో మంచిది, అంకెలు కావాలంటే అచ్చు మంచిది.

అపోహ: తాతల నాటి పత్రికల కట్ట అమ్మితే బోలెడు డబ్బు

వాస్తవం: రాదు. ఇవి లక్షల్లో అచ్చయినవి. పోస్టల్ నిబంధన ప్రకారం ఏడాదికోసారి సర్క్యులేషన్ అంకెలు పత్రికలోనే వేస్తారు, చూసుకోండి. గన్ డైజెస్ట్ 1944 మొదటి ఎడిషన్ దొరికిందని ఎగిరి గంతేసే ముందు అది రీప్రింట్ కాదని తేల్చుకోండి. అమెరికన్ రైఫిల్‌మ్యాన్ 1963 ఫిబ్రవరి సంచిక లాంటివాటికి మాత్రం వేరే లెక్క. అధ్యక్షుడు కెనెడీని కాల్చి చంపిన ఆస్వాల్డ్ అందులోని చికాగో క్లైన్స్ దుకాణం కూపన్ కత్తిరించి, స్కోప్‌తో సహా 19.95 డాలర్లు, పోస్టేజీకి 1.50 కలిపి పంపి కార్కానో రైఫిల్ తెప్పించుకున్నాడు. అలా పోస్టులో ఇంటికి తుపాకులు తెప్పించుకోవడాన్ని 1968 గన్ కంట్రోల్ చట్టం ఆపేసింది.

నాకు ఆ పాత కట్టల్లో కావాల్సింది వేరే. తుపాకీని ముక్కముక్కగా విడదీసి స్ప్రింగులు, పిన్నులతో సహా నంబర్లు వేసి గీసిన ఎక్స్‌ప్లోడెడ్ డ్రాయింగులు. తయారీ ఎప్పుడో ఆగిపోయిన పాత .22 ఏదైనా బల్ల మీదికి వచ్చిందంటే, ఏ స్ప్రింగ్ ఏ దిక్కుకి తిరిగి ఉండాలో చెప్పేది ఆ పేజీ ఒక్కటే. అందుకే కట్టలు పాత కాగితాల కింద వేసేముందు విషయసూచికలు ఫోటో తీసి నాకు పంపండి. నా దగ్గర లేని డ్రాయింగ్ ఉంటే ఆ సంచికకు మీరు చెప్పిన ధర ఇస్తాను.