సాంబ వడ్లలో మార్చింది ఎంత?

హన్మకొండ

బిడ్డలారా,

"కమల బియ్యం కూడా బీటీ పత్తి లాంటిదేనా తాతా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు. కాదు. ఎందుకు కాదో వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. నేలలో బతికే ఒక బ్యాక్టీరియా నుంచి జన్యువు తెచ్చి పత్తిలో పెట్టారు. కాయతొలుచు పురుగును చంపే ప్రోటీన్ ఆ జన్యువు వల్లే తయారవుతుంది. కమలలో అట్లా బయటి జన్యువేదీ మిగలదు. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ వాళ్లు మనం రోజూ తినే సాంబ మసూరినే తీసుకుని, అందులో ముందునుంచీ ఉన్న ఒక జన్యువు పని ఆపారు. అట్లా వచ్చిన కొత్త వరి రకమే కమల. 2025 మే 4న దాన్ని ప్రకటించారు.

ఆ జన్యువు పనేమిటో చెప్తే మీకు చాలా నచ్చుతుంది. వరి పొట్టకు రాకముందే, కాండం లోపల కంటికి ఆనని చిన్న మొనలో కంకి తయారవడం మొదలవుతుంది. కంకికి ఎన్ని కొమ్మలు, ఎన్ని గింజలు అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఆ మొనలో కణాలు చురుగ్గా పెరిగేలా చేసేది సైటోకైనిన్ అనే హార్మోను. దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైము ఇంకొకటి ఉంటుంది. మనవాళ్లు ఆపింది ఆ ఎంజైమును తయారుచేయించే జన్యువునే. హార్మోను నిలుస్తుంది, గింజలు పెరుగుతాయి. ఇదే జన్యువు సహజంగానే మందగించి, ఎక్కువ గింజలు పట్టే ఒక వరి రకాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 2005లోనే గుర్తించారు. అంటే ప్రకృతిలో జరిగిన మార్పులాంటిదే సాంబలో కావాలని చేశారన్నమాట.

ఎట్లా చేస్తారంటే, పొట్టు తీసిన వడ్లగింజను జెల్లీలాంటి పోషకాల మీద పెడతారు. దాని నుంచి లేత పసుపు రంగులో కణాల ముద్ద పెరుగుతుంది. ఆ కణాల్లోకి క్యాస్‌9 లాంటి కోసే ఎంజైమును తయారుచేయించే జన్యువునూ, ఎక్కడ కోయాలో చూపే గైడ్ ఆర్ఎన్ఏనూ పంపిస్తారు. డీఎన్ఏ అంటే నాలుగు రకాల చిన్న అణువుల పొడవాటి వరుస, వాటినే అక్షరాలనుకోండి. గైడ్‌లో చోటును గుర్తుపట్టే అక్షరాలు దాదాపు 20 ఉంటాయి. వరి డీఎన్ఏలోని దాదాపు 40 కోట్ల అక్షరాల్లో వాటికి సరిపోయే చోటు దొరకగానే అక్కడ కోత పడుతుంది. తెగిన చోటును కణం తనే అతుక్కుంటుంది, ఆ తొందరలో ఒకటి రెండు అక్షరాలు పోతాయి, లేదా కొత్తవి చేరతాయి. ఇక ఆ జన్యువు పనిచేయదు. ముద్ద నుంచి మొక్కలు పెంచి, వాటి పిల్లల్లో ఆ కోసే ఎంజైము జన్యువు రాని వాటినే ఏరుకుంటారు. ఈ పద్ధతిని 2012లో చూపించిన జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పెంటియెలకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది.

పలుచోట్ల వేసి చూసిన పరీక్షల్లో కమల సగటున హెక్టారుకు 5.37 టన్నులు పండిందని, సాంబ 4.5 టన్నులని సంస్థ లెక్క. ఎకరానికి చూస్తే 22 క్వింటాళ్లకు కొంచెం తక్కువ ఒకటి, 18 క్వింటాళ్లు ఒకటి. నాకు మాత్రం దిగుబడికన్నా రోజులే ముఖ్యం అనిపిస్తుంది. కమల సాంబకన్నా 20 రోజులు ముందే కోతకొస్తుందట. ఎస్సారెస్పీ కాలువ చివర పొలమున్న రైతునడగండి, ఆఖరి తడుల కోసం ఎంత తండ్లాట పడతాడో చెప్తాడు.

ఇదే పద్ధతి ఎండాకు తెగులుకు ఎట్లా పనికొస్తుందో కూడా వినండి. ఆ బ్యాక్టీరియా వరి ఆకులో చేరి, చక్కెరను బయటికి వదిలే జన్యువును తన కోసం తెరిపించుకుంటుంది. బ్యాక్టీరియా ప్రోటీన్ వచ్చి పట్టుకునే ఆ కొద్దిపాటి చోటును మారిస్తే దానికి పట్టు దొరకదు. ఈ దారిన తెగులును తట్టుకునే వరిని 2019లో చూపించారు. అన్నిటికీ ఇదే మందనుకోకండి. మన మిర్చిని తినేసిన నల్ల తామర పురుగుకు ఏ జన్యువును మార్చాలో ముందు తెలియాలి కదా.

నా బెంగ రెండు విషయాల మీద. బయటి జన్యువు మిగలని ఇలాంటి పంటలను 2022 మార్చిలో కేంద్రం జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి తప్పించింది. దీన్ని కొన్ని రైతు సంఘాలు తప్పుబట్టాయి. గైడ్‌ను పోలిన అక్షరాలు ఇంకెక్కడైనా ఉంటే అక్కడా కోత పడొచ్చు. అది చూసుకున్న వివరాలన్నీ జనం ముందు పెట్టాలని అడగడం న్యాయమే. రెండోది, ఈ పద్ధతి మీద పేటెంట్లు చాలావరకు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి. పండిన పంటలోంచి విత్తనం దాచుకునే హక్కు 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం మన రైతుకిచ్చింది. కమల విషయంలోనూ ఆ హక్కుకు ఏ అడ్డూ రాదని రాతపూర్వకంగా తేలాలి.

విత్తనం మన దగ్గరికొస్తే, మొదటిసారి ఒక మడిలో మాత్రమే, పక్కన సాంబ నాటి చూడమని మీ నాన్నకు చెప్పాను. కోతలప్పుడు మీరూ రండి. రెండింటి కంకులూ చెరి పది కోసి, గింజలు, తాలు వేరుచేసి లెక్కపెడదాం.

మీ తాత