సబ్బాతు పాటించే లాయరు: అపోహలు - వాస్తవాలు

న్యూయార్క్‌లో పెద్ద లా ఫర్ముల్లో చేరే సబ్బాతు (శుక్రవారం పొద్దుగుంకినప్పటి నుంచి శనివారం సాయంత్రం దాకా పని మానే విశ్రాంతి దినం) పాటించే ఆర్థడాక్స్, అంటే సంప్రదాయ, యూదు కుర్ర లాయర్లనీ, సెవెన్త్ డే అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ శాఖవాళ్లనీ ఒకటే బెంగ పీడిస్తుంది: "శనివారం ఫోన్ ఎత్తకపోతే ఉద్యోగం ఊడుతుందట కదా?" ఆ 'అట'ను నమ్మి విషయం దాచేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

అపోహ: శనివారం ఒక్కటి గట్టెక్కితే చాలు.

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. ఫెడరల్ కోర్టుల సివిల్ కేసుల నియమావళిలోని రూల్ 6 ప్రకారం గడువు ఆఖరి రోజు శనివారమో ఆదివారమో అయితే తర్వాతి పనిదినానికి జరుగుతుంది. గండమంతా శుక్రవారం గడువుతోనే. ఈ-ఫైలింగ్‌కు మామూలుగా అర్ధరాత్రి దాకా వీలుంది కాబట్టి టీమంతా రాత్రి పదకొండు లెక్కలో ఉంటుంది. డిసెంబరు మొదట్లో అక్కడ పొద్దు సాయంత్రం సుమారు 4:28కే గుంకుతుంది. సబ్బాతు మొదలుకు గుర్తుగా యూదుల ఇళ్లలో దీపాలు వెలిగించేది సాధారణంగా 18 నిమిషాల ముందు, అంటే 4:10కి. ఇంటికి వెళ్లడానికి గంట తీసేయండి, మధ్యాహ్నం మూడింటికల్లా ఆఫీసులో సీటు నుంచి లేవాలి. జూన్ ఆఖర్లో ఆ దీపాల వేళ రాత్రి 8:13 ప్రాంతం. వేసవిలో సాఫీగా నడిచిందని ధీమాగా ఉన్నవాళ్లు చలికాలంలో బోల్తా కొడతారు.

ఏడాది మొత్తానికి సూర్యాస్తమయ వేళలు టీమ్ క్యాలెండర్‌లో ముందే ఎక్కించండి. శుక్రవారం గడువుంటే బుధవారం రాత్రికి డ్రాఫ్ట్ ఖాయం కావాలి, గురువారం ఎగ్జిబిట్లు (జతచేసే ఆధారాలు), శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోపు ఫైలింగ్. పీడీఎఫ్ సైజు మించిందని సిస్టమ్ తిప్పికొట్టినా, డాక్యుమెంట్ తప్పు విభాగంలో పడినా, సరిచేసుకునే వ్యవధి మిగలాలి.

"లాగిన్ పారాలీగల్‌కి ఇచ్చి వెళ్తాలే" అనుకోకండి. అదే నియమావళిలోని రూల్ 5 ప్రకారం మీ అనుమతితో, మీ పేరు మీద, మీ అకౌంట్ నుంచి వెళ్లింది మీ సంతకం కిందే లెక్క. పైగా సబ్బాతు పనిని యూదేతరులచేత చేయించడం మీద కూడా యూదు ధర్మశాస్త్రంలో ఆంక్షలున్నాయి. మినహాయింపుల సంగతి మీ రబ్బైని, అంటే మతగురువుని, అడగండి, క్యాంటీన్‌లో తీర్పులిచ్చేవాళ్లను కాదు. మీ బదులు చూసే లాయరు ముందే ఆ కేసులో అప్పియరెన్స్ వేసుకుని (కోర్టులో తన పేరు నమోదు చేయించుకుని), సొంత అకౌంట్‌తో, సొంత బాధ్యతగా ఫైల్ చేయాలి. వాళ్లకు ఒక పేజీ నోట్ చాలు: ఫైనల్ కాపీ ఎక్కడుంది, క్లయింటు వైపు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ మార్పు వాళ్లే ఒప్పేసుకోవచ్చు, ఏది శనివారం రాత్రి దాకా ఆగొచ్చు. చాలామంది ఎగ్గొట్టేది ఆ చివరి అంశమే. దాంతో ఆగకూడనిది ఆగిపోతుంది.

బదులు తీర్చుకోవడం మరవకండి. శనివారం చీకటి పడ్డాక, ఆదివారం మీ చేతిలోనే ఉన్నాయి. పక్క సీటులో ఉన్న తెలుగు అమ్మాయికి దీపావళి సాయంత్రం కావాలి, ఆ పూట మీరు చూడండి.

అపోహ: చట్టం ఉంది, ముందు చెప్పక్కర్లేదు.

ఉద్యోగి మతాచారానికి వీలు కల్పించాలని చట్టం అన్నా, సుప్రీంకోర్టు 1977 నాటి హార్డిసన్ తీర్పు తర్వాత కాస్త ఖర్చు చూపిస్తే చాలు, యజమాని తప్పించుకునేవాడు. 2023 జూన్‌లో గ్రాఫ్ కేసులో సుప్రీంకోర్టు ఆ మెట్టు పెంచింది. ఇప్పుడు ఆ వ్యాపారానికి గణనీయమైన అదనపు భారమని అతనే నిరూపించాలి. అయితే ఈ చట్టం, ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే టైటిల్ సెవెన్, కనీసం 15 మంది ఉద్యోగులున్న సంస్థలకే. 1986 నాటి ఫిల్‌బ్రూక్ తీర్పు ప్రకారం, సమంజసమైన ఏర్పాటు చేస్తే చాలు, మీరు కోరిందే ఇవ్వాలని లేదు. అడగనిదాన్ని ఎవరూ ఇవ్వరు కూడా. ఆఫర్ వచ్చాక, చేరేముందు, ఒక ఈమెయిల్‌లో రాసేయండి. ఇంటర్వ్యూలోనే చెప్పితీరాలన్న నియమమేమీ లేదు.

అపోహ: పాటిస్తే పైకి రాలేరు.

జో లీబర్‌మన్ సబ్బాతు పాటిస్తూనే కనెక్టికట్ అటార్నీ జనరల్‌గా, సెనేటర్‌గా పనిచేశారు. ఈ మాట ఇంతటితో చాలు.

అపోహ: శుక్రవారాలు సర్దుకుంటే సరిపోతుంది.

అడ్వెంటిస్టులకు దాదాపు నిజమే. యూదులకు శరదృతువు పండుగలున్నాయి, వాటి ముఖ్యమైన రోజుల్లోనూ సబ్బాతులాగే పని మానాలి. 2024 అక్టోబరులో రోష్ హషానా, సుక్కోత్, షెమినీ అట్సెరెత్-సింహత్ తోరా మూడూ గురు, శుక్రవారాల్లో పడి సబ్బాతుతో కలిశాయి. ఒకే నెలలో మూడుసార్లు, బుధవారం పొద్దుగుంకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా ఫోన్ బంద్. ఇలాంటి ఏడాది ఆ తేదీల జాబితా వేసవిలోనే పార్ట్‌నర్‌కి అందాలి. ట్రయల్ తేదీ ఖరారయ్యేలోపే జడ్జికి లేఖ వెళ్లాలి, ఖరారయ్యాక వెళితే అది వాయిదా కోసం వేసిన అర్జీలాగే కనిపిస్తుంది.