హిమోఫీలియా ఉంటే ఇమ్యూనిటీ తక్కువా? ఓపీలో రోజూ వినే అపోహలు

బెంగళూరులో మా హెమటాలజీ (రక్త జబ్బుల) ఓపీకి హిందూపురం, మదనపల్లె, కడప వైపు నుంచి మనవాళ్లు చాలామందే వస్తారు, రాత్రి బస్సెక్కి పొద్దున్నే లైన్లో ఉంటారు పాపం. వాళ్ల నోట ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: వీడికి పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేదు సార్, అందుకే పెళ్లిళ్లకీ జాతరలకీ తీసుకెళ్లం.

వాస్తవం: హిమోఫీలియాలో తగ్గింది రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ మాత్రమే, ఎ టైపులో 8, బి టైపులో 9. మరి ఈ మాట ఎక్కడ పుట్టిందంటే, 1982లో అమెరికాలో ముగ్గురు హిమోఫీలియా పేషెంట్లకి ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్లకి తప్ప మామూలుగా రాని న్యుమోసిస్టిస్ న్యుమోనియా వచ్చింది, తర్వాత ఫ్యాక్టర్ మందు వాడే చాలామందిలో సీడీ4, సీడీ8 అనే రోగనిరోధక కణాల లెక్క తలకిందులైనట్టు తేలింది. అప్పట్లో వేలమంది దాతల ప్లాస్మా (రక్తంలోని ద్రవం) కలిపి ఒక బ్యాచ్ ఫ్యాక్టర్ చేసేవాళ్లు, హెచ్ఐవీ, హెపటైటిస్ సీ అలాగే ఎక్కాయి. ఇప్పటి ఫ్యాక్టర్‌లో వైరస్‌ని చంపే స్టెప్పులుంటాయి, రీకాంబినెంట్ (జన్యు టెక్నాలజీతో తయారుచేసేది) అయితే దాతల ప్లాస్మా నుంచి తీసేదే కాదు.

అపోహ: ఫ్యాక్టర్ వేసినా బ్లీడింగ్ ఆగట్లేదు, మందు డూప్లికేటేమో.

వాస్తవం: ముందు ఇన్హిబిటర్ టెస్ట్ అడగండి. అసలు ఇమ్యూన్ సమస్య ఇదే, అదీ శక్తి తక్కువై కాదు. ఒంట్లో ఎప్పుడూ లేని ఫ్యాక్టర్ ఎక్కేసరికి ఒళ్లు దాన్ని ఇంట్లో దూరిన దొంగ అనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది, వాటినే ఇన్హిబిటర్ అంటాం. సివియర్ ఎ టైపులో సుమారు 25–30 శాతం మందికి వస్తుంది, బి టైపులో చాలా తక్కువ, కానీ వాళ్లకి దాంతోపాటు తీవ్రమైన అలర్జీ రావచ్చు కాబట్టి మొదటి డోసులు హాస్పిటల్లోనే వేయించాలి. ఎక్కువగా మొదటి 50 ఎక్స్‌పోజర్ డేస్‌లోపే బయటపడుతుంది, అంటే ఫ్యాక్టర్ వేసిన రోజులే లెక్క, క్యాలెండర్ రోజులు కాదు (ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడుగుతారు, డైరీ రాయండి బాబూ). ఇన్హిబిటర్‌ని కొలిచే బెథెస్డా యూనిట్లు 5 దాటితే మామూలు ఫ్యాక్టర్ డోసు పెంచినా లాభముండదు, ఆ ఫ్యాక్టర్ అవసరం లేకుండా రక్తం గడ్డకట్టించే బైపాసింగ్ మందులే వాడాలి. ఎ టైపుకి వాడే ఎమిసిజుమాబ్ అనే మందు ఇన్హిబిటర్ ఉన్నా పనిచేస్తుంది, కాకపోతే అది తీసుకునేవాళ్లకి ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే టైమ్ చూసే టెస్ట్) నార్మల్‌గా వస్తుంది, జబ్బు పోయిందనుకోకండి, ల్యాబ్‌లో ముందే చెప్పండి.

అపోహ: టీకాలు వద్దు.

వాస్తవం: అన్నీ వేయించాలి, హెపటైటిస్ బి తప్పనిసరి. సన్న సూది అడగండి, వేశాక రుద్దకుండా కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోండి, ఐస్ పెట్టండి. జ్వరమొస్తే పారాసిటమాల్, ఆస్పిరిన్ వద్దు, ఐబుప్రోఫెన్ కూడా వద్దు.