చావు ఫారంలో లేని గడి

గోదావరి డెల్టాలో ఏ ఊళ్లోనైనా వరసగా నాలుగు చావులొస్తే చాలు, మళ్లీ అదే గొడవ. 2025 మార్చిలో బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసుల మీద ఇంటింటి సర్వే జరిగాక ఇది ఇంకా ముదిరింది. మా పేటలోనే ఎక్కువమంది పోతున్నారని జనం అంటారు. సగటుకు మించి లేవని అధికారులు అంటారు. ఆ సగటులో పేటవాళ్లెంత, ఊళ్లోవాళ్లెంత అంటే జవాబుండదు.

జవాబు లేకపోవడానికి కారణం చావులు నమోదు చేసే ఫారంలోనే ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం దగ్గర ఆగక్కర్లేదు. అసలు ముడి 2000లో పడింది. ఆ ఏడాది ఫారాలు మారాయి. పుట్టుక ఫారంలో తండ్రి చదువు, తల్లి చదువు అడిగారు. చావు ఫారంలో పోయినవాళ్లు పొగ తాగేవారా, పొగాకు నమిలేవారా, మందు అలవాటుందా, ఎన్నేళ్లుగా అని అడిగారు. చదువు మాత్రం అడగలేదు. కులం ఊసే లేదు. అలవాట్ల వల్ల పోయాడనుకోవడానికి గడి ఉంది, బతుకు వల్ల పోయాడేమోనన్న అనుమానానికి లేదు.

వృత్తి గడి ఉందిగా అంటారు. రొయ్యల చెరువులో మందులు కలిపేవాడు, వరి కోతకెళ్లేవాడు, కొబ్బరి దింపు తీసేవాడు... అందరికీ అందులో 'కూలీ' అని రాస్తే సరిపోతుంది. ఇంట్లో పోతే కారణం కూడా ఇంటివాళ్లు చెప్పిందే, గుండెపోటు అంటే గుండెపోటే. 2020లో దేశం మొత్తమ్మీద నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతం.

అసలు నమోదుకు వెళ్లాల్సిన అవసరం కూడా అందరికీ ఒకలా ఉండదు. పొలం ఉన్న పెద్దాయన పోతే పాస్ పుస్తకంలో పేరు మారాలి, సర్టిఫికెట్ కోసం కొడుకులు వెంటనే పరిగెడతారు. కౌలుదారు పోతే మార్చడానికేముంది? భార్యకి పింఛను కావాల్సినప్పుడే ఆ కాగితం గుర్తొస్తుంది.

బ్రిటన్‌లో 1911 నుంచే తండ్రి వృత్తిని బట్టి పసిపిల్లల మరణాలు లెక్కగట్టారు. 1980లో డాక్టర్ డగ్లస్ బ్లాక్ నడిపిన ప్రభుత్వ కమిటీ వర్గాన్ని బట్టి చావుల్లో తేడా తగ్గలేదని తేల్చగలిగింది ఆ రికార్డుల వల్లే. అప్పటి ప్రధాని థాచర్ ప్రభుత్వం ఆ నివేదికను ఆగస్టు సెలవు రోజు చూసి 260 కాపీలతో సరిపెట్టింది. మనకైతే అలా పక్కన పెట్టడానికి కూడా లెక్క లేదు!

పిల్లల విషయంలో ఈ కొరత లేదు. 1992-93లో మొదలైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తల్లి చదువును బట్టి శిశు మరణాలను విడదీసి చూపిస్తూనే ఉంది. బడి మొహం చూడని తల్లుల బిడ్డలే ఎక్కువగా పోతున్నారు. ఆ బిడ్డ బతికి, పెద్దయి, యాభై ఏళ్లకే పోతే చదువు సంగతి నమోదు కాదు. అడిగినా సరిగ్గా చెప్పరనడం కుదరదు, పుట్టుక ఫారంలో చెబుతున్నది ఆ ఇళ్లవాళ్లే.

ఆసుపత్రిలో పోతే కారణం రాసిన పత్రం ఇంటివాళ్లకి ఉచితంగా ఇవ్వాలని ఆ 1969 చట్టానికి 2023లో చేసిన సవరణ చెబుతోంది. కానీ పేటలో వివాదమంతా ఇంటి దగ్గర పోయినవాళ్ల గురించి.