డాన్యూబ్ గట్టు మీద సైకిల్ సెలవులు: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

"జనానికి సైకిళ్లిచ్చి ఊళ్ల మీదికి తోలడం కూడా ఒక ఉద్యోగమేనా?" అని మా పెద్దనాన్న ఇప్పటికీ నవ్వుతాడు. ఉద్యోగమే. ఆస్ట్రియాలో డాన్యూబ్ ఒడ్డున ఒక చిన్న ఊళ్లో సైకిల్ యాత్రలు సిద్ధం చేసే ఆఫీసులో పనిచేస్తాను. గైడ్ ఉండడు, గుంపు ఉండదు. హోటళ్లు మేం బుక్ చేస్తాం, సైకిళ్లిస్తాం, ఫోన్‌లో దారి పెట్టిస్తాం. పొద్దున మీ పెట్టె వ్యాన్‌లో తర్వాతి ఊరికి వెళ్లిపోతుంది, దాని వెనకాల మీరు తీరిగ్గా తొక్కుకుంటూ వెళ్తారు. దీన్నే సెల్ఫ్ గైడెడ్ అంటారు. జర్మనీ సరిహద్దులో ఉన్న పస్సావు నుంచి వియన్నా దాకా సుమారు 320 కిలోమీటర్లు. అందులో మెల్క్, క్రెమ్స్ అనే ఊళ్ల మధ్య ఓ 35 కిలోమీటర్లు వాఖావ్ లోయ. ద్రాక్షతోటలన్నీ అక్కడే మొదలవుతాయి. ఈ లోయ 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

కొన్నాళ్లుగా తెలుగువాళ్ల ఫోన్లు పెరిగాయి. హైదరాబాద్ నుంచి కొందరు చేస్తే, మ్యూనిక్‌లోనో లండన్‌లోనో ఉంటూ అమ్మానాన్నల్ని తీసుకొస్తామనేవాళ్లు ఇంకొందరు. విచిత్రమేంటంటే, భయపడక్కర్లేని వాటి గురించి గంటసేపు అడుగుతారు, అడగాల్సినవి అడగకుండా ఫోన్ పెట్టేస్తారు.

అపోహ: రోజుకు 50 కిలోమీటర్లా! మోకాళ్లు పోతాయి.

ఈ దారి సైకిళ్ల కోసం పుట్టింది కాదు. ఆవిరి పడవలు రాకముందు సరుకు పడవల్ని ఏటికి ఎదురు లాగడానికి గుర్రాలు నడిచిన గట్టు ఇది. మా కోనసీమ కాలువగట్ల మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవలు లాగేవాళ్లని తాతయ్య చెప్పేవాడు. అదే పని ఇక్కడ గుర్రాలు చేశాయి. బరువు లాగే గుర్రాన్ని మిట్టలెక్కించలేరు కాబట్టి గట్టు నీటి పక్కనే చదునుగా సాగుతుంది. పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ గంటకు 13, 14 కిలోమీటర్ల చొప్పున తొక్కినా 50 కిలోమీటర్లు నాలుగు గంటల్లోపే అయిపోతాయి. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురుంటుంది. మిగతా రోజంతా మీదే.

అలాగని "నది కిందికేగా పారేది, తొక్కే పనే ఉండదు" అనుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. పస్సావు నుంచి వియన్నా దాకా నది దిగేది మొత్తం కలిపి సుమారు 130 మీటర్లు. కిలోమీటరుకు అర మీటరు కూడా లేని ఆ వాలు కాలికి తెలియదు. కాలికి తెలిసేది గాలి. ఇక్కడ ఎక్కువ రోజులు పడమటి గాలే వీస్తుంది కాబట్టి అందరినీ పస్సావు నుంచి వియన్నా వైపు పంపిస్తాం. ఈ ఉద్యోగంలో చేరకముందు నాకీ సంగతి తెలియదు. విమానం వియన్నాలో దిగింది కదా అని అక్కణ్నుంచే మొదలుపెట్టాను. టుల్న్ దగ్గరి మైదానంలో ఎదురుగాలికి ముప్పై కిలోమీటర్లకే ఏడుపొచ్చింది. అటునుంచి మా అమ్మమ్మ వయసువాళ్లు ఇద్దరు నవ్వుకుంటూ, పెడల్ మీద కాలు ఊరికే ఆనించి వెళ్లిపోయారు. వాళ్ల మీద ఆ రోజు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఇక మోకాళ్ల మాటకొస్తే, నొప్పి మొదలయ్యేది అక్కడ కాదు, కూర్చునే చోట. అదీ రెండో రోజు పొద్దున. మెత్త ఉన్న సైక్లింగ్ షార్ట్స్ రెండు జతలు కొనుక్కోండి. దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఆడవాళ్లకైతే ఫోన్‌లోనే చెప్పేస్తాను, మగవాళ్లకు చెప్పాలంటే గొంతు సవరించుకోవాల్సి వస్తుంది. జీన్స్ మాత్రం వద్దే వద్దు, దాని కుట్టే మీ శత్రువు.

గుంటూరు నుంచి ఒక పెద్దాయన "అమ్మాయీ, నాకు అరవై ఏడు, ఈ వయసులో సైకిలేంటని మా కోడలు అంటోంది" అని అడిగారు. ఆయనకు ఎలక్ట్రిక్ సైకిల్ ఇచ్చాం. గంటకు 25 కిలోమీటర్ల దాకా మోటారు సాయం చేస్తుంది, పెడల్ మాత్రం మనమే తొక్కాలి. ఇక్కడివాళ్లు కూడా బోలెడంతమంది దాన్నే తీసుకుంటున్నారు, అందులో నామోషీ ఏమీ లేదు. ఇబ్బందల్లా బరువే. ఇరవై కిలోలు దాటుతుంది, స్టేషన్ మెట్ల మీద మోయాల్సి వస్తే కొడుకునో కోడలినో పిలవాల్సిందే. పిలిచారు కూడా. కోడలే మోసింది.

అపోహ: చిన్నప్పట్నుంచీ తొక్కుతున్నాం, సైకిల్ గురించి మాకు కొత్తగా చెప్పేదేముంది?

ఇదొక్కటి మాత్రం దయచేసి వినండి. ఇక్కడ అద్దెకిచ్చే సైకిళ్లలో చాలావాటికి వెనక బ్రేకు పెడల్‌లోనే ఉంటుంది. పెడల్ వెనక్కి తొక్కితే సైకిల్ ఆగిపోతుంది. మనకేమో సిగ్నల్ దగ్గర ఆగగానే పెడల్‌ని వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోవడం అలవాటు. వెళ్తూ వెళ్తూ ఊరికే వెనక్కి తిప్పేవాళ్లూ ఉంటారు. మా ఆఫీసు ముందు మొదటి పది మీటర్లలోనే కీచుమని ఆగిపోయిన తెలుగువాళ్లు ఎంతమందో. బుక్ చేసేటప్పుడే "పెడల్ బ్రేకు లేనిది కావాలి" అని చెప్పండి, ఇస్తారు.

రెండోది హ్యాండిల్ బ్రేకు. మన మోటార్‌సైకిల్ మీద ముందు చక్రం బ్రేకు కుడిచేతికి ఉంటుంది. ఇక్కడి సైకిళ్లకు అది ఎడమచేతికి ఉంటుంది. కంకర మీద కంగారులో ఎడమచేత్తో గట్టిగా నొక్కారో, ముందు చక్రం ఆగుతుంది, మీరు ఆగరు. మొదటి రోజు పార్కింగ్ చోట పావుగంట తిరిగి, రెండు బ్రేకులూ వేసి చూసుకుని, ఆ తర్వాతే రోడ్డెక్కండి. రోడ్డుకు కుడివైపు వెళ్లాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. మీ ఎత్తు కూడా సెంటీమీటర్లలో ఉన్నదున్నట్టు చెప్పండి. రెండు సెంటీమీటర్లు కలిపి చెబితే పెళ్లిసంబంధానికి పనికొస్తుందేమో కానీ, సీటెక్కాక కాలు నేలకు అందదు.

అపోహ: ద్రాక్షతోటల యాత్ర అంటే తాగేవాళ్ల యాత్ర.

ఇది రెండు వైపుల నుంచీ వస్తుంది. తాగని వాళ్లు "మాకక్కడ పనేముంది" అంటారు. తాగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఆగి రుచి చూడొచ్చని లెక్కలు వేసుకుంటారు.

ముందు తాగనివాళ్ల సంగతి. ఈ లోయలో కాసేపు ఆగాల్సిన చోటు హోయిరిగర్. అది బారు కాదు, రైతు ఇంటి పెరడు. 1784లో జోసెఫ్ 2 చక్రవర్తి రైతులు తమ తోటలో పండించి చేసిన వైన్‌ను తమ ఇంట్లోనే అమ్ముకోవచ్చని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. అమ్మకం ఉన్న రోజుల్లో గుమ్మానికి పచ్చటి కొమ్మల కట్ట వేలాడదీస్తారు, అది ఉంటే లోపలికి రావొచ్చని అర్థం. చెట్టు కింద బల్ల, పక్క బల్ల మీద హోంవర్క్ చేసుకునే పిల్లలు, వడ్డించేది ఆ ఇంటావిడే. అదే తోటలోని ద్రాక్షరసం కూడా ఉంటుంది, దాన్ని అడిగితే ఎవరూ వింతగా చూడరు. జూలైలో వస్తే ఆప్రికాట్ పండ్లు. మనం ఎండినవి నానబెట్టి ఖుబానీ కా మీఠా చేస్తామే, ఆ పండే. ఇక్కడ తాజా పండును పిండిలో చుట్టి ఉడికించి, వెన్నలో వేయించిన బ్రెడ్ పొడిలో దొర్లించి పెడతారు. నన్నడిగితే వాఖావ్‌లో వైన్ కన్నా అదే గొప్ప.

తాగేవాళ్లకు: ఆస్ట్రియాలో సైకిల్ తొక్కేవాళ్లకూ చట్టం ఉంది. లీటరు రక్తంలో 0.8 గ్రాముల ఆల్కహాల్ చేరితే కేసే. జరిమానా 800 యూరోల నుంచి మొదలు. కారుకైతే హద్దు 0.5. సైకిల్‌కు కాస్త సడలించారు కదా అని మురిసిపోకండి, గట్టుకు చాలాచోట్ల రెయిలింగ్ లేదు, పక్కనే డాన్యూబ్. మేం చెప్పే పద్ధతి ఇది: మధ్యాహ్నం వైన్‌లో సగానికి సగం సోడా కలిపిన గ్ష్‌ప్రిట్స్‌టర్ ఒకటి, అసలు వైన్ మాత్రం సాయంత్రం సైకిల్ లోపల పెట్టి తాళం వేశాకే. కొలత అడిగేటప్పుడు "ఆఖ్టెల్" అనండి, లీటరులో ఎనిమిదో వంతు వస్తుంది.

మరి ఏది తాగాలి? ఇక్కడ పండేది ఎక్కువగా గ్రూనర్ వెల్ట్‌లీనర్, తర్వాత రీస్లింగ్, రెండూ తెల్ల వైన్లే. సీసా మీద మూడు మాటల్లో ఒకటి కనిపిస్తుంది. ష్టైన్‌ఫేడర్ అంటే 11.5 శాతం దాటని తేలికైనది, ఫేడర్‌ష్పీల్ మధ్యరకం, స్మరాగ్ద్ అంటే 12.5 శాతానికి తగ్గని గట్టిది. స్మరాగ్ద్ అనేది ఇక్కడి రాతిగోడల మీద ఎండకాచుకునే పచ్చ బల్లి పేరు. ఆ గోడలు కూడా చూడాల్సినవే. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, కొండవాలును మెట్లు మెట్లుగా కట్టారు. పగలు ఆ రాళ్లు వేడి పట్టి ఉంచుతాయి, రాత్రి ఉత్తరాన ఉన్న అడవుల నుంచి చల్లగాలి దిగుతుంది. పండు పండుతుంది కానీ పులుపు పోదు. చింతకాయ ఎరిగిన నాలుకలకు ఈ వైన్ నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

అపోహ: శాకాహారులు బ్రెడ్డు, సలాడ్ తిని బతకాలి.

బతకక్కర్లేదు. చీజ్‌తో చేసే నూడుల్స్ లాంటి కేజెష్పెట్స్‌లె ఉంటుంది, పుట్టగొడుగుల కూరలు, బంగాళాదుంపలు, వసంతంలో తెల్ల ఆస్పరాగస్ ఉంటాయి. మోసం జరిగేది శాకాహారంలా కనిపించే వాటి దగ్గరే. హోయిరిగర్‌లో బ్రెడ్డుకు రాసుకోవడానికి చిన్న గిన్నెల్లో రెండు మూడు రకాలు పెడతారు. ఎర్రగా ఉన్న లిప్టావర్ చీజ్‌తో చేసింది, కొందరు అందులో చేప కలుపుతారు కాబట్టి అడిగి తినండి. తెల్లగా, వెన్నలా ఉన్నది ష్మాల్ట్స్ అయితే అది పంది కొవ్వు. అట్టుముక్కలు వేసిన ఫ్రిటాటెన్ సూప్ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, దాని నీళ్లు గొడ్డుమాంసం ఉడికించినవి. "మాంసం లేదు కదా?" అని అడిగితే ముక్కలు లేవు కాబట్టి లేదంటారు. "మాంసం నీళ్లు, కొవ్వు కూడా వద్దు" అని అడగాలి. కారం మీద ఆశ పెట్టుకోకండి. కందిపొడి తెచ్చుకోండి. ఆవకాయ సీసా మాత్రం పెట్టెలో వద్దు, ఎందుకో మా వ్యాన్ డ్రైవర్‌కు బాగా తెలుసు.

అపోహ: గైడ్ లేకపోతే దారి తప్పుతాం.

నది పక్కనే కదండీ దారి. ఆకుపచ్చ బోర్డులుంటాయి, యూరోవెలో 6 అని రాసి ఉంటుంది. అట్లాంటిక్ నుంచి నల్ల సముద్రం దాకా వెళ్లే సైకిల్ మార్గం అదే. తప్పిపోవడం కాదు, ఏ ఒడ్డున ఉండాలన్నదే ప్రశ్న. వాఖావ్‌లో ఉత్తరపు ఒడ్డున ష్పిట్స్, వైసెన్‌కిర్ఖెన్, డ్యుర్న్‌ష్టైన్ లాంటి ఊళ్లున్నాయి. ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను 1192లో బంధించిన కోట శిథిలాలు డ్యుర్న్‌ష్టైన్ పైనే ఉన్నాయి. ఆ ఒడ్డున తోటల మధ్య చిన్న చిన్న మిట్టలు, వేసవిలో జనం. దక్షిణపు ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది, పిల్లలతో వచ్చేవాళ్లకు అదే మంచిది. పన్నెండేళ్లలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. ఒడ్డు మారాలంటే ష్పిట్స్ దగ్గర బల్లకట్టు ఉంది. మోటారు లేదు, పైన తీగకు వేలాడుతూ నీటి ఒరవడితోనే అటూ ఇటూ సాగుతుంది. దానికోసమైనా ఒకసారి ఒడ్డు మారండి. అయితే చివరి బల్లకట్టు ఎన్నింటికో ముందే చూసుకోండి, హోటల్ ఎదురుగా కనిపిస్తున్నా నది దాటలేక కూర్చున్నవాళ్లున్నారు.

అపోహ: పెట్టె వాళ్లే మోస్తారుగా, ఎంతైనా తెచ్చుకోవచ్చు.

మోసేది మనిషే. పాత ఇళ్లను హోటళ్లుగా మార్చిన చోట్ల లిఫ్టు ఉండదు. మనిషికి ఒక పెట్టె, అది 20 కిలోలు మించకూడదని మేం రాసి పంపుతాం. కొన్ని విమానాల్లో 23 కిలోలవి రెండు అనుమతిస్తారు కాబట్టి మనవాళ్లు రెండూ తెస్తారు. పెద్దవాటిని వియన్నాలో చివర దిగబోయే హోటల్‌లో ముందే పెట్టి రండి, చాలావరకు ఒప్పుకుంటారు. పెట్టె పొద్దున తొమ్మిదికల్లా రిసెప్షన్‌లో ఉండాలి. తొమ్మిదింపావుకు ఉండకూడదు.

అపోహ: మొదటి రాత్రి జర్మనీలో కాబట్టి జర్మనీ వీసా.

యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ఎక్కువ రాత్రులు గడిపే దేశమే ముఖ్యం. పస్సావులో ఒక రాత్రి, ఆస్ట్రియాలో ఏడు రాత్రులైతే ఆస్ట్రియాకే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు. సెప్టెంబర్‌లో కోతల సమయానికి రావాలనుకుంటే మార్చి, ఏప్రిల్‌లలోనే కదలండి. ఆ నెలలో వీసా దొరికినా గది దొరకదు.

ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి మిగిలింది. ఆదివారం ఇక్కడ సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పండగ రోజుల్లోనూ అంతే. మామూలు శనివారమైనా సాయంత్రం ఆరుకు షట్టర్ పడిపోతుంది. మందుల షాపు కూడా ఆ చుట్టుపక్కల ఒక్కటి తెరిచి ఉంటే గొప్ప. కుళాయి నీళ్లు ఎక్కడైనా తాగొచ్చు, ఆ బెంగ లేదు. పెరుగు లేకుండా ఉండలేనివాళ్లు మాత్రం శనివారం ఐదున్నరకే సైకిల్ దిగి కొనేసుకోండి.