మీ జేజమ్మకు రాని ఓటు

చిరంజీవులు చిట్టికి, చంటికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

ఒకే వారంలో ఇద్దరూ శుభవార్తలు చెప్పారు. చిట్టి డిగ్రీ పాసైంది. చంటికి ఓటరు కార్డు చేతికొచ్చింది. మీ నానమ్మ అప్పటికప్పుడు సేమ్యా పాయసం కాచింది. అయితే ఫోను పెట్టేసే ముందు చిట్టి ఒక మాట అంది: "తాతయ్యా, మూడేళ్ళు ఆగితే నాకు పట్టభద్రుల ఓటు కూడా వస్తుందట. తమ్ముడికి ఒకటి, నాకు రెండు!" ఆ సంతోషం నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు అలాగే సంతోషపడ్డాను. కానీ ఆ మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. ఫోనులో చెప్తే సగంలో తెగిపోయే సంగతి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

2007లో మన రాష్ట్రంలో శాసనమండలి మళ్ళీ వచ్చింది. అది శాసనసభకి పై సభ. అందులో కొన్ని సీట్లకి డిగ్రీ ఉన్నవాళ్ళే, కొన్నిటికి ఉపాధ్యాయులే ఓటు వేస్తారు. 1958లో మొదలై, 1985లో రద్దయి, 22 ఏళ్ళ తర్వాత తిరిగి ఏర్పడింది. అప్పటికి నా రిటైర్మెంటుకి ఏడాది ఉంది. డిగ్రీ ఉంది కనక పట్టభద్రుల ఓటు, కాలేజీలో పాఠం చెప్తున్నాను కనక ఉపాధ్యాయుల ఓటు, రెండింటికీ పేరు రాయించుకున్నాను. అందరితో పాటు ఉండే మామూలు ఓటు ఎలాగూ ఉంది. పట్టభద్రుల పోలింగ్ రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే, అరుగు మీద కూర్చున్న మా అమ్మ, అంటే మీ జేజమ్మ, అడిగింది: "ఓట్లట కదరా, నాకు చీటీ రాలేదేటి?"

ఇది చదువుకున్నవాళ్ళ ఓటమ్మా అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "మొన్న మాతో పాటు మీరూ ఏసినారు కదా. మళ్ళీ ఇదేటి?"

అప్పటికి 33 ఏళ్ళుగా లెక్కలు చెప్తున్న నాకు ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

మా అమ్మ బడి మొహం చూడలేదు. 1952లో, అప్పుడు మనది మద్రాసు రాష్ట్రం, మొదటిసారి ఓటు వేసింది. అప్పుడు చీటీ మీద ముద్ర వేసే పని లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. కాడెద్దుల పెట్టె ఒకటి, ఇంకో బొమ్మతో ఇంకొకటి, అలా తెర వెనక వరసగా ఉండేవట. ఇచ్చిన కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేసి రావడమే. నన్ను చంకలో వేసుకుని వెళ్ళానని చెప్పేది. ఏ పెట్టెలో వేసిందో మాత్రం పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. మా నాన్నకి కూడా. ఆ ఎన్నికల్లోనే ఉత్తరాదిన 28 లక్షల మంది ఆడవాళ్ళు "ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు" అనే తప్ప సొంత పేరు చెప్పనందుకు జాబితాలోంచి పోయారు. అమ్మ మాత్రం తన పేరు తనే చెప్పుకుని రాయించుకుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారేది.

ఇక నా చదువు సంగతి. 1967లో విజయనగరం మహారాజా కాలేజీలో బీఎస్సీలో చేరాను. మన ఊరినుంచి డిగ్రీ దాకా వెళ్ళిన మొదటివాణ్ణి. 1969 ఆగస్టులో, ఫైనలియర్‌లో ఉండగా, రాష్ట్రపతి ఎన్నిక జరిగింది. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి, అనంతపురం జిల్లా ఇల్లూరుకి చెందిన నీలం సంజీవరెడ్డి, ఇద్దరూ తెలుగువాళ్ళే, ఎదురెదురు నిలబడ్డారు. లెక్కింపు రోజు హాస్టల్లో ఉన్న ఒక్క రేడియో చుట్టూ మేమందరం మూగాం. గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌కి 1,12,769 అన్నారు. (ఎంపీ ఓటుకి, ఎమ్మెల్యే ఓటుకి వేర్వేరు విలువలుంటాయి. అందుకే అంత పెద్ద అంకెలు.) గిరి గెలిచేశారని మావాళ్ళు ఈలలు వేశారు. కానీ రేడియోలో ఆయన గెలిచారని చెప్పలేదు. సగానికి మించాలంటే 4,18,169 కావాలి. అది ఎవరికీ లేదు.

ఆ ఎన్నికలో చీటీ మీద అభ్యర్థుల పక్కన ఇష్టం కొద్దీ 1, 2, 3 అని వరస వేస్తారు. అప్పుడు వెనకబడ్డ అభ్యర్థులను ఒక్కొక్కరినే తప్పించి, వాళ్ళ చీటీల మీద 2 అని ఎవరికి రాసి ఉందో చూసి, ఆ ఓట్లు వాళ్ళకి కలిపారు. దేశ్‌ముఖ్‌కి 1 వేసినవాళ్ళలో ఎక్కువమంది 2 సంజీవరెడ్డికి వేశారు. ఆయన లెక్క జరజరా పెరిగింది. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. మా టెన్షన్ చెప్పలేను. ఆ రాత్రి నాకు పట్టుకున్నది ఎవరు గెలిచారన్నది కాదు. ఒకే చీటీ రెండుసార్లు మాట్లాడగలదన్న సంగతి. నా మొదటి కోరిక తీరకపోతే నా రెండో కోరికకి విలువ ఉంటుందన్న సంగతి.

1970లో బీఎస్సీ పాసయ్యాను. చిట్టీ, ఇది విను: డిగ్రీ పట్టా చేతిలో ఉంది కానీ ఓటు లేదు. అప్పుడు ఓటుకి 21 నిండాలి. వాల్తేరులో ఎమ్మెస్సీ చదువుతూ, 1972 మార్చిలో అసెంబ్లీ ఎన్నికలకి మన ఊరొచ్చి మొదటి ఓటు వేశాను. వరసలో నా ముందు మా అమ్మ ఉంది. ఆవిడకప్పటికి ఇరవయ్యేళ్ళ అనుభవం. వేలికి సిరా పెట్టించుకోవడం దగ్గర్నుంచి చీటీ ఎలా మడవాలో దాకా నాకు ఆవిడే చెప్పింది.

1974లో లెక్చరర్ ఉద్యోగం. ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీకి చేరాను. మధ్యలో నా థీసిస్ ఫైలు ఒక ఆఫీసులో పది నెలలు కనపడకుండా పోయింది. మళ్ళీ టైపు చేయించడానికి మీ నానమ్మ గాజులు తాకట్టు పెట్టాం. ఆ బాధ ఇప్పుడెందుకులే. 1989లో డాక్టరేట్ వచ్చింది. అప్పటికి నాకు 39 ఏళ్ళు. ఆ ఏడాదే 61వ రాజ్యాంగ సవరణతో 18 ఏళ్ళకే ఓటు వచ్చింది. నవంబరు ఎన్నికల మర్నాడు బీఎస్సీ క్లాసుకి వెళ్తే పిల్లలందరూ వేళ్ళు పైకెత్తి సిరా మచ్చ చూపించారు. నాకు డాక్టరేట్ వచ్చిన రోజుకన్నా ఆ రోజే ఎక్కువ గుర్తుంది.

ఆ నెలలోనే స్టడీ టూరుకి ఎక్కడికెళ్ళాలన్న ప్రశ్న వచ్చింది. 60 మంది. చేతులెత్తమన్నాను. అరకుకి 25, హంపికి 20, శ్రీశైలానికి 15. అరకు అని బోర్డు మీద రాసేశాను. చివరి బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "సార్, అరకు మన పక్కనే ఉంది. మాలో 35 మందికి అది అస్సలు వద్దు. ఎలా గెలిచింది?" అంది.

చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా వేళ్ళ మీద సిరా ఇంకా ఆరలేదు, దేశమంతా మొన్న చేసింది సరిగ్గా ఇదే కదా అనిపించింది. అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు, మిగతావాళ్ళంతా కలిసి వద్దన్నా సీటు దక్కుతుంది. వెంటనే కాగితాలు చింపి అరవై చీటీలు పంచాను. 1, 2, 3 అని వరస రాయమన్నాను. మొదటి అంకెల్లో తేడా రాలేదు. శ్రీశైలాన్ని తప్పించి ఆ 15 చీటీల్లో రెండో అంకె చూస్తే, పదిహేనూ హంపికే. హంపికి 35, అరకుకి 25. మొత్తం పని ఏడు నిమిషాల్లో అయిపోయింది. హంపి వెళ్ళాం.

పట్టభద్రుల ఎన్నికల్లో జరిగేది ఇదే. యంత్రం ఉండదు, కాగితం ఉంటుంది. పోలింగ్ కేంద్రంలో వాళ్ళిచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే అంకె వేయాలి. తెలుగు అంకెల్లో ౧, ౨, ౩ అని వేసినా చెల్లుతుంది. టిక్కు పెట్టకూడదు, సంతకం చేయకూడదు. 1 ఎవరికీ వేయకపోయినా, ఇద్దరికి వేసినా ఆ ఓటు పోయినట్టే. 2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీ చేశారు. బ్యాలెట్ దినపత్రికంత ఉంది, లెక్కింపు రోజుల తరబడి సాగింది. అందులో వేల ఓట్లు చెల్లలేదు. వేసినవాళ్ళందరూ డిగ్రీ ఉన్నవాళ్ళే సుమా.

కాబట్టి నా అభిప్రాయం తేటగా చెప్తాను. పట్టభద్రుల స్థానాలు, ఉపాధ్యాయుల స్థానాలు తీసేయాలి. ఆ బ్యాలెట్ మాత్రం దేశంలో అందరికీ ఇవ్వాలి.

రాజ్యాంగం 171వ అధికరణం మండలి సీట్లలో పన్నెండో వంతు పట్టభద్రులకి, పన్నెండో వంతు ఉపాధ్యాయులకి కేటాయించింది. ఆ రోజుల్లో ఊరికొక పట్టభద్రుడు కూడా లేడు. చదువుకున్నవాళ్ళ మాట సభలో వినపడాలని అనుకోవడంలో తప్పులేదు. ఇప్పుడు మన వీధిలోనే పదిమంది ఉన్నారు. వాళ్ళకి రెండో ఓటు ఎందుకు? ధాన్యం ధర, ఆసుపత్రి మందులు, తాగునీరు వీటి గురించి నాకన్నా మా అమ్మకి తక్కువ తెలుసా?

నిరక్షరాస్యులు అంకెలు వేయలేరని మా స్టాఫ్‌రూమ్‌లో చాలామంది వాదించేవారు. 1949 జనవరిలో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు కూడా దామాషా పద్ధతి (ఇలా అంకెలు వేయించి, ఓట్ల నిష్పత్తిలో సీట్లిచ్చేది) వద్దంటూ చెప్పిన కారణాల్లో ఇదొకటి, ప్రభుత్వాలు నిలకడగా ఉండవన్నది ఇంకొకటి. ఆయన మీద నాకున్న గౌరవం మీకు తెలుసు. అప్పుడు నూటికి 18 మందికే చదువొచ్చు, ఆయన భయం న్యాయమైనదే. 2011 లెక్కల నాటికి అది 73. పైగా వరస పెట్టడానికి అక్షరాలతో పనేముంది? అలమండ సంతకి ఎడ్లు కొనడానికి వెళ్ళేటప్పుడు మా అమ్మ మా నాన్నకి ఇలా చెప్పి పంపేది: "ముందు ఆ ఎర్రదాన్ని బేరమాడు. అది కుదరకపోతే మచ్చలదాన్ని. ఆ కొమ్ములు వంకరదాన్ని మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు." ఒకటి, రెండు, చివరి అంకె. చదువులేని మనిషి నోట ఇంతకన్నా స్పష్టమైన బ్యాలెట్ నేను వినలేదు. అంకె బదులు గుర్తుల పక్కన మీటలు వరసగా నొక్కే యంత్రం చేయడం మన ఇంజినీర్లకి కష్టమేమీ కాదు. మెల్‌బోర్న్‌లో ఉన్న మీ బాబాయి అక్కడి పార్లమెంటు దిగువసభకి ఇలాగే అభ్యర్థులందరికీ అంకెలు వేసి వస్తాడు. ఆస్ట్రేలియాలో 1918 నుంచీ ఇదే పద్ధతి.

దీంతో అన్నీ బాగుపడతాయని మీకు చెప్పను. చూడండి: మన రాష్ట్రంలో 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లొస్తే 23 సీట్లు దక్కాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి అదే 39 శాతం వస్తే 11 సీట్లు. రెండుసార్లూ నూటికి 39 మంది మాట 175 మంది సభలో దాదాపు వినపడకుండా పోయింది. ఇది నియోజకవర్గంలో అంకెలు వేయడంతో తీరే జబ్బు కాదు. దానికి వచ్చిన ఓట్లను బట్టి పార్టీలకి కొన్ని సీట్లివ్వాలి. 1999లో జస్టిస్ జీవన్‌రెడ్డి గారి లా కమిషన్, లోక్‌సభలో ఉన్న సీట్లకి మరో 25 శాతం చేర్చి వాటిని ఇలా నింపాలని చెప్పింది. ఆ నివేదిక అలాగే ఉండిపోయింది. చంటీ, నువ్వు లా చదువుతానంటున్నావు కదా, దాన్ని తెప్పించుకుని చదువు.

లెక్కల మనిషిగా ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. అంకెల పద్ధతి కూడా ఒక్కోసారి తిరకాసు పెడుతుంది. మీ ఇద్దరూ, మీ బావా టిఫిను గురించి తగువులాడిన రోజు గుర్తుందా? చిట్టికి ఇడ్లీ, దోశ, ఉప్మా ఆ వరసలో ఇష్టం. చంటికి దోశ, ఉప్మా, ఇడ్లీ. బావకి ఉప్మా, ఇడ్లీ, దోశ. ఇద్దరు దోశకన్నా ఇడ్లీ మేలన్నారు. ఇద్దరు ఉప్మాకన్నా దోశ మేలన్నారు. మరి ఇడ్లీ ఉప్మాని గెలవాలి కదా? ఇద్దరు ఇడ్లీకన్నా ఉప్మా మేలన్నారు! ఫ్రాన్సులో కాండోర్సే అనే గణితవేత్త 1785లోనే ఇది చూపించాడు. ఏ లోపమూ లేని పద్ధతి కుదరదని కెన్నెత్ ఆరో (Arrow) అనే అమెరికా ఆర్థికవేత్త లెక్క కట్టి రుజువు చేశాడు. నేను మొదటి ఓటు వేసిన 1972లోనే ఆయనకి నోబెల్ వచ్చింది. లోపం లేనిది లేదు కాబట్టి ఉన్నదాంతోనే సర్దుకుందామని కొందరంటారు. నేను ఒప్పుకోను. 35 మంది వద్దన్నది గెలవడం అప్పుడప్పుడూ వచ్చే తిరకాసు కాదు, మన దగ్గర ప్రతి ఎన్నికలోనూ ఎక్కడో ఒకచోట జరిగేదే.

చిట్టీ, నీ ఓటు వదులుకోమని నేను అనడం లేదు. చట్టం ఉన్నంతకాలం వేయి. మూడేళ్ళు నిండాక ఫారం 18 నింపు. డిగ్రీ సర్టిఫికెట్ కాపీ కావాలి, జాగ్రత్తగా దాచుకో. పోయినసారి పేరుంది కదా అని ఊరుకోకు, ఆ జాబితా ప్రతి ఎన్నికకీ కొత్తగా రాస్తారు. ఓటడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ మీ జేజమ్మ అడిగిన ప్రశ్న అడుగు. ఏం చెప్పారో నాకు రాయి.

దసరాకి మీరొస్తారు కదా. రామతీర్థమా, అరకా, భీమిలా అని ఇప్పట్నుంచే మీ నానమ్మ చెవిలో గుసగుసలాడొద్దు. చీటీలతో తేల్చుకుందాం. ఆరు చీటీలు కోసి ఉంచాను. ఇంట్లో మనం ఐదుగురమే. ఆరోది మనతో పాటు వచ్చే అప్పలమ్మకి. ఆమెకి బొమ్మలు గీసి పెట్టాను. గుడి, కొండ, సముద్రం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య